సైకియాట్రీలో ఫెలోషిప్ అంటే ఏమిటి, మన ఇళ్ళకి అది ఎక్కడ అవసరం పడుతుంది

"మెడికల్ స్కూల్ అయింది, నాలుగేళ్ళ రెసిడెన్సీ కూడా అయింది, ఇంకా ఫెలోషిప్ ఏమిటి, ఎన్నాళ్ళు చదువుతాడు?" అని సైకియాట్రీలో చేరిన పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇంకో ఇంట్లో ప్రశ్న వేరుగా ఉంటుంది. "మా అమ్మాయి గదిలోంచి బయటికి రావడం లేదు. ఎవరికి చూపించాలి? సైకియాట్రిస్ట్ అంటే సైకియాట్రిస్టే కదా, ఎవరైతే ఏమిటి?" అంటారు. ఒకటి ఉద్యోగం గురించి, ఇంకొకటి జబ్బు గురించి అయినా రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. గుండె డాక్టర్లలోనే స్టెంట్లు వేసేవాళ్ళు వేరు, గుండె లయ చూసేవాళ్ళు వేరు అని మనకి తెలుసు. మనసు డాక్టర్లలో కూడా అలాంటి విభజన ఉందని మాత్రం అవసరం వచ్చేదాకా తెలియదు. అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు.

నేను డాక్టర్ని కాదు. బీఎస్సీ చదివి, పెళ్ళి చేసుకుని అమెరికా వచ్చి, ఇల్లు చూసుకుంటున్నదాన్ని. మా ఆడపడుచు కూతురు సైకియాట్రీ రెసిడెన్సీలో ఉండటంతో ఈ సంగతులు కొంచెం కొంచెంగా తెలిశాయి. మిగతావి చదివి తెలుసుకున్నాను. ఇక్కడ రాసినదంతా అమెరికా పద్ధతి గురించే. మందుల విషయం వచ్చినచోట మీ డాక్టర్ మాటే చివరి మాట.

రెండు నెలలకీ రెండేళ్ళకీ తేడా

ఎండీ గానీ డీఓ గానీ అయ్యాక సైకియాట్రీ రెసిడెన్సీ నాలుగేళ్ళు. మొదటి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు మామూలు వైద్యం చేయాలి, రెసిడెన్సీలో రెండు నెలలు న్యూరాలజీ కూడా చేయాలి. మనసు జబ్బులా కనిపించేది ఒక్కోసారి థైరాయిడ్ అవుతుంది, మెదడులో గడ్డ అవుతుంది. అది పట్టుకోగలగాలి కదా. తర్వాత ఆస్పత్రి వార్డులు, ఎమర్జెన్సీ, ఔట్‌పేషెంట్ క్లినిక్, కౌన్సెలింగ్ అన్నీ వస్తాయి. ఇది పూర్తిచేసినవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ సైకియాట్రీ అండ్ న్యూరాలజీ. పొట్టిగా ఏబీపీఎన్ అంటారు. 1934 నుంచి ఉంది. శిక్షణ ఇచ్చే ఆస్పత్రులకి గుర్తింపు ఇచ్చేది వేరే సంస్థ, ఏసీజీఎంఈ.

ఈ నాలుగేళ్ళలో పిల్లల సైకియాట్రీకి కేటాయించాల్సిన కనీస సమయం రెండు నెలలు. వృద్ధులకి ఒక నెల, వ్యసనాలకి ఒక నెల. అంతకన్నా ఎక్కువ నేర్పే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి గానీ, నియమం అడిగేది అంతే. ఫెలోషిప్‌లో అదే విషయం మీద ఏడాది గానీ రెండేళ్ళు గానీ పూర్తిగా గడుపుతారు. పిల్లలూ టీనేజర్లకి రెండేళ్ళు. వృద్ధాప్యం, వ్యసనాలు, కోర్టు వ్యవహారాలు, మామూలు ఆస్పత్రి రోగుల మానసిక సమస్యలు, వీటికి ఒక్కొక్క ఏడాది. నిద్ర, నొప్పి, పాలియేటివ్ కేర్, మెదడు గాయాలు లాంటివి కూడా ఉన్నాయి గానీ అవి వేరే విభాగాల డాక్టర్లతో కలిసి పంచుకునే ఫెలోషిప్‌లు. వాటి జోలికి ఇక్కడ వెళ్ళను.

ఈ విభాగాలన్నీ ఒకేసారి పుట్టలేదు. పిల్లల సైకియాట్రీకి బోర్డు సర్టిఫికెట్ 1959లోనే మొదలైంది. వృద్ధులది 1991, వ్యసనాలది 1993, ఫోరెన్సిక్ 1994, ఆస్పత్రి సైకియాట్రీ 2005. కొత్తలో కొన్నేళ్ళపాటు అనుభవం ఉన్న డాక్టర్లని ఫెలోషిప్ లేకుండానే పరీక్ష రాయనిచ్చారు. ఆ తలుపు మూసుకుని చాలా కాలమైంది. ఇప్పుడు ఆ సర్టిఫికెట్ కావాలంటే ఫెలోషిప్ చేయాల్సిందే. దానికి ముందు జనరల్ సైకియాట్రీ బోర్డు కూడా పాసై ఉండాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జనరల్ సైకియాట్రిస్ట్ పిల్లల్ని చూడకూడదు, పెద్దవాళ్ళని చూడకూడదు అని చట్టం ఏమీ లేదు. అమెరికాలో లైసెన్సు మొత్తం వైద్యానికి ఇస్తారు, విభాగం వారీగా కాదు. పదిహేనేళ్ళు టీనేజర్లని చూసిన జనరల్ సైకియాట్రిస్ట్ మీ ఊళ్ళో ఉంటే నిశ్చింతగా వెళ్ళొచ్చు. కేసు చిక్కుగా ఉన్నప్పుడు ఆ అదనపు శిక్షణ కోసం చూడాలి.

పిల్లల సైకియాట్రీ

మన ఇళ్ళలో ఎక్కువ అవసరం పడేదీ, ఎక్కువ కొరత ఉన్నదీ ఇదే. దేశం మొత్తం మీద పిల్లల సైకియాట్రిస్టులు పదివేల దరిదాపుల్లో ఉన్నారు. ఇంత పెద్ద దేశానికి అది ఏ మూలకీ చాలదు. అపాయింట్‌మెంట్ అడిగితే మూడు నెలలు, ఆరు నెలలు అనడానికి కారణం అదే. వాళ్ళు కూడా ఎక్కువగా పెద్ద ఊళ్ళలో, యూనివర్సిటీ ఆస్పత్రుల చుట్టూ ఉంటారు.

ఈ ఫెలోషిప్‌కి వెళ్ళాలనుకున్నవాళ్ళు రెసిడెన్సీ మూడో ఏడాది అవగానే వెళ్ళిపోవచ్చు. నాలుగో ఏడాది ఇందులో కలిసిపోతుంది. దీన్ని ఫాస్ట్ ట్రాక్ అంటారు. అలా అయిదేళ్ళలో రెండూ అయిపోతాయి. ట్రిపుల్ బోర్డ్ అని ఇంకో దారి కూడా ఉంది. అందులో పీడియాట్రిక్స్, సైకియాట్రీ, పిల్లల సైకియాట్రీ మూడూ కలిపి అయిదేళ్ళు. సీట్లు చాలా తక్కువ.

రెండేళ్ళూ ఏం నేర్చుకుంటారు? పిల్లలు పెద్దవాళ్ళకి చిన్న సైజు బొమ్మలు కారు, మొట్టమొదట అది. పెద్దవాళ్ళలో డిప్రెషన్ అంటే దిగులు. టీనేజర్లలో అది చిరాకుగా, ఎదురు మాటలుగా, తలుపు ధడేల్మని వేయడంగా బయటపడొచ్చు. చిన్న పిల్లల్లో ఆందోళన రోజూ పొద్దున్నే కడుపునొప్పిగా వస్తుంది. శనివారం మాత్రం రాదు! మనం దాన్ని బడి ఎగ్గొట్టే నాటకం అనుకుంటాం. ఏడేళ్ళ పిల్లాడికి ఏది మామూలు, ఏది కాదు, పదమూడేళ్ళకి ఏది మామూలు, ఏది కాదు అన్నది పుస్తకంలో చదివితే రాదు, వందల మంది పిల్లల్ని చూడాలి. ఈ శిక్షణలో వార్డుతోపాటు స్కూళ్ళకి సలహాలివ్వడం, కుటుంబంతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడటం, ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలు, పిల్లల ఆస్పత్రిలో దీర్ఘరోగంతో ఉన్న పిల్లల్ని చూడటం అన్నీ ఉంటాయి.

మందుల దగ్గర ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 2004లో ఎఫ్‌డీఏ డిప్రెషన్ మందుల డబ్బాల మీద, పిల్లలకీ టీనేజర్లకీ ఇస్తే ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు అని నల్లగీతల పెట్టెలో హెచ్చరిక పెట్టించింది. తర్వాత దాన్ని ఇరవైనాలుగేళ్ళ దాకా పొడిగించారు. గూగుల్‌లో ఇది కనబడగానే మనవాళ్ళు మందు సీసా పక్కన పడేస్తారు. కానీ ఆ హెచ్చరిక వెనక ఉన్న లెక్క చూడాలి. ఆ పరిశోధనల్లో మందు తీసుకున్న పిల్లల్లో అలాంటి ఆలోచనలు గానీ చేష్టలు గానీ నూటికి నాలుగు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో నూటికి రెండు. ఆ పరిశోధనల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. వైద్యం చేయని డిప్రెషన్ ఎంత ప్రమాదమో ఇంకోవైపు పెట్టి తూచాలి. మొదటి వారాల్లో దగ్గరగా కనిపెట్టుకుని ఉండటం, మోతాదు మెల్లగా పెంచడం, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలో తల్లిదండ్రులకి చెప్పడం ఈ డాక్టర్ల పని. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల డిప్రెషన్‌కి ఫ్లూక్సెటిన్, పన్నెండు దాటినవాళ్ళకి ఎసిటలోప్రామ్ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న మందులు. మిగతావి చాలావరకు డాక్టర్ అనుభవం మీద, అనుమతి పత్రంలో లేని వాడకంగా ఇచ్చేవే.

మన తల్లిదండ్రులు నొచ్చుకునే చోటు ఒకటుంది. టీనేజర్‌తో డాక్టర్ ఒంటరిగా మాట్లాడతానంటారు. "కన్నవాళ్ళం, మాకు తెలియకూడనివి ఏముంటాయి?" అనిపిస్తుంది. ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే డాక్టర్ మనకి తప్పకుండా చెబుతారు. మిగతా విషయాల్లో ఎంతవరకు గోప్యం అన్నది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, మొదటి రోజే అడిగేయండి. మనకి చెప్పలేనిది ఎవరో ఒకరికి చెప్పుకోవడం పిల్లలకి మేలే. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటారని తెలుసు.

ఆరు నెలల వెయిటింగ్ లిస్టు ఉంటే ఖాళీగా కూర్చోవద్దు. మీ పీడియాట్రీషియన్ దగ్గరికి ముందు వెళ్ళండి. మసాచుసెట్స్‌లో 2004లో ఒక పద్ధతి మొదలైంది. పీడియాట్రీషియన్ ఫోన్ చేస్తే పిల్లల సైకియాట్రిస్ట్ ఫోన్లోనే సలహా ఇస్తారు. మందు మొదలుపెట్టడం, మార్చడం పీడియాట్రీషియనే చేస్తారు. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి. "మన రాష్ట్రంలో చైల్డ్ సైకియాట్రీ యాక్సెస్ ప్రోగ్రామ్ ఉందా, మీరు వాడతారా?" అని అడిగితే చాలు. ఈ ఒక్క ప్రశ్నతో నెలల ఎదురుచూపు తప్పిన ఇళ్ళు ఉన్నాయి. అలాగే స్కూలుకి రాతపూర్వకంగా అడిగితే వాళ్ళు ఖర్చు లేకుండా పరీక్షించి, అవసరమైతే 504 ప్లాన్ గానీ ఐఈపీ గానీ ఇస్తారు. మాటగా చెప్పి ఊరుకుంటే అది లెక్కలోకి రాదు.

ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితుల్లో ఈ లిస్టులన్నీ పక్కన పెట్టి 988కి ఫోన్ చేయండి, లేదా దగ్గర ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఆ మూడంకెల నంబరు 2022 జూలై నుంచి దేశమంతా పనిచేస్తోంది.

వృద్ధుల సైకియాట్రీ

దీనికి ఒక ఏడాది. సీట్లు ఉన్నా చేరేవాళ్ళు తక్కువ, ఏటా చాలా ఖాళీగా మిగిలిపోతాయి. ఏడాదిపాటు రెసిడెంట్ జీతం మీద ఉండి, తర్వాత కూడా మామూలు సైకియాట్రిస్ట్ కన్నా ఎక్కువ సంపాదన ఉండదు కాబట్టి కుర్ర డాక్టర్లు వెనకాడతారు. మన తల్లిదండ్రులు ఆరు నెలలకోసారి వచ్చి వెళ్ళే ఈ రోజుల్లో మనకి మాత్రం ఇది బాగా కావలసిన విభాగం.

ముసలితనంలో మతిమరుపు, దిగులు, ఉన్నట్టుండి తికమక, ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. డిమెన్షియా నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. దిగులు వల్ల కూడా మతి మందగిస్తుంది, అది వైద్యంతో తగ్గుతుంది. నిన్నటిదాకా బాగున్న మామగారు ఇవాళ ఉన్నచోటు తెలియక, లేనివాళ్ళతో మాట్లాడుతుంటే అది డెలీరియం అయ్యుండొచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, ఆపరేషన్, కొత్త మందు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. అది ఆగి చూసే విషయం కాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ మూడింటినీ విడదీయడమే వృద్ధుల సైకియాట్రిస్ట్ మొదటి పని.

రెండో పని మందుల సంచి విప్పించి చూడటం. పెద్దవాళ్ళకి పనికిరాని మందుల జాబితా ఒకటి ఉంది, బీర్స్ జాబితా అంటారు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తుంది. జలుబుకీ నిద్రకీ మనం అలవోకగా ఇచ్చే బెనడ్రిల్ కూడా అందులో ఉంది. దాని వల్ల పెద్దవాళ్ళకి మతి మసకబారుతుంది, పడిపోతారు.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళ విషయంలో ఇంకోటి గమనించాలి. చాలామంది పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి "నిద్రమాత్ర" వేసుకుంటుంటారు. పేరు అడిగితే చెప్పలేరు, స్ట్రిప్పు చూస్తే అల్‌ప్రాజొలామ్ గానీ క్లోనజెపామ్ గానీ ఉంటుంది. తెచ్చుకున్నవి మూడో నెలలో అయిపోతాయి. ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరకవు. ఠక్కున ఆగిపోతే నిద్ర పట్టకపోవడం, వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్ళేమో "జెట్ లాగ్ ఇంకా తగ్గలేదు", "బెంగ పెట్టుకుంది" అనుకుంటారు. అత్తగారో నాన్నగారో బయల్దేరే ముందే వాళ్ళ మందులన్నిటి ఫొటోలు తెప్పించుకోండి. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించుకు రమ్మనండి. తగ్గించాల్సి ఉంటే అక్కడే, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకు రావాలి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు ముందునుంచీ ఉన్న జబ్బులకి చాలావరకు డబ్బివ్వవు, మానసిక వైద్యానికి ఇంకా తక్కువ. కొనేముందే చదువుకోండి.

మరి భాష సంగతి? జ్ఞాపకశక్తి పరీక్ష ఇంగ్లీషులో పెడితే బందరులో టీచరుగా రిటైరైన ఆవిడ కూడా తప్పొచ్చు. కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, తెలుగుకి ఫోన్లో గానీ వీడియోలో గానీ దొరుకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి. మనవడితో అనువాదం చేయించే పని పెట్టుకోవద్దు, ఎమర్జెన్సీలో తప్ప పిల్లల్ని అలా వాడకూడదని నియమమే ఉంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నాయనమ్మని అడగమని పదేళ్ళ పిల్లాడికి చెప్తామా?

ఈ సందర్భంలో మన హైదరాబాద్ పని ఒకటి చెప్పుకోవాలి. నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాది బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన హైదరాబాద్ కాబట్టే అలాంటి పరిశీలన కుదిరింది.

ఆస్పత్రి సైకియాట్రీ

దీని అసలు పేరు కన్సల్టేషన్-లియేజాన్ సైకియాట్రీ. మొన్నమొన్నటిదాకా సైకోసొమాటిక్ మెడిసిన్ అనేవారు. ఇది మనం వెతుక్కుని వెళ్ళేది కాదు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాళ్ళే మంచం దగ్గరికి వస్తారు. ఆపరేషన్ వద్దంటున్న రోగికి ఆ నిర్ణయం తీసుకునే తెలివి ఉందా లేదా తేల్చడం, కిడ్నీ మార్పిడికి ముందు పరీక్షించడం, ఐసీయూలో తికమకపడేవాళ్ళని చూడటం వీళ్ళ పని. "సైకియాట్రీ వాళ్ళు వచ్చి చూస్తారు" అని నర్సు అనగానే "మా నాన్నకి పిచ్చి అంటారా?" అని గొడవ పెట్టుకోవద్దు.

వ్యసనాలు, వీసా భయాలు

అడిక్షన్ సైకియాట్రీ ఏడాది ఫెలోషిప్. మద్యం, నొప్పి మాత్రలు, గంజాయి, ఓపియాయిడ్‌లు, వాటితోపాటు ఉండే డిప్రెషన్, ఆందోళన కూడా వీళ్ళే చూస్తారు. జూదాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 పుస్తకం వ్యసనాల కిందే చేర్చింది. ఫోన్లో బెట్టింగ్ యాప్‌లు వచ్చాక మనవాళ్ళలో కూడా దీని గురించి గుసగుసలు వినబడుతున్నాయి. అడిక్షన్ మెడిసిన్ అని ఇంకో పేరు కనిపిస్తే అది వేరే బోర్డు ఇచ్చేది. అందులోకి ఫ్యామిలీ డాక్టర్లు, ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లు కూడా వెళ్తారు. వ్యసనంతోపాటు మానసిక జబ్బు కూడా ఉంటే సైకియాట్రిస్ట్ మెరుగు. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ రాయడానికి ఇంతకుముందు డాక్టర్లకి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. 2022 డిసెంబరు చివర్లో చేసిన చట్టంతో ఆ అడ్డు తీసేశారు. కాబట్టి మామూలు డాక్టర్లు కూడా మొదలుపెట్టగలరు.

ఇక్కడ మనవాళ్ళని ఆపేది ఖర్చు కన్నా "గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందా?" అన్న భయం. డిప్రెషన్‌కో ఆందోళనకో మందు వాడినంత మాత్రాన గ్రీన్ కార్డు ఆగదు. చట్టం చూసేది మానసిక జబ్బుతోపాటు తనకి గానీ ఇతరులకి గానీ హాని చేసే ప్రవర్తన ఉందా అని. నిషిద్ధ మాదకద్రవ్యాల వ్యసనం మాత్రం వైద్య పరీక్షలో అడ్డే, అది నయమై నిలకడగా ఉందని తేలితే మళ్ళీ చూస్తారు. తాగి కారు నడిపి పట్టుబడితే మరింత లోతుగా అడుగుతారు. అంటే చూపించుకోవడం కన్నా చూపించుకోకపోవడమే కాగితాలకి కూడా చేటు. మీ సొంత కేసుకి మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. వ్యసనాల చికిత్స రికార్డులకి మామూలు హిపా చట్టం మీద అదనంగా ఇంకో కేంద్ర నిబంధన రక్షణ కూడా ఉంది. మీ ఒప్పుదల లేకుండా మీ కంపెనీకి అవి చేరవు.

ఫోరెన్సిక్ సైకియాట్రీ

నేరం మోపబడ్డ మనిషి విచారణకి నిలబడే స్థితిలో ఉన్నాడా, నేరం చేసిన సమయంలో మతి స్థిమితంగా ఉందా, విడాకుల్లో పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి, ఇలాంటివాటి మీద కోర్టుకి నివేదిక ఇచ్చే డాక్టర్లు వీళ్ళు. మనకి తెలియాల్సింది ఒక్కటే. కోర్టు తరఫునో అవతలి లాయర్ తరఫునో మిమ్మల్ని పరీక్షించే డాక్టర్ మీ వైద్యుడు కాదు. ఆ గదిలో చెప్పినది కోర్టుకి వెళ్తుంది. మంచి ఫోరెన్సిక్ డాక్టర్ ఆ సంగతి మొదటే చెబుతారు.

బోర్డు లేని ఫెలోషిప్‌లు, పురుడు పోసుకున్న ఇల్లు

బోర్డు పరీక్ష లేకపోయినా కొన్ని యూనివర్సిటీలు ఏడాది శిక్షణ ఇస్తాయి. ఎమర్జెన్సీ సైకియాట్రీ, కాలేజీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం, ఈసీటీ, టీఎంఎస్ లాంటి చికిత్సలు నేర్పే ఇంటర్వెన్షనల్ సైకియాట్రీ, గర్భిణులూ బాలింతలది. చివరిది మనకి ముఖ్యం. ప్రసవమయ్యాక వచ్చే డిప్రెషన్‌ని మన పెద్దవాళ్ళు "పచ్చి బాలింత, అలాగే ఉంటుందిలే" అంటారు. కొన్నాళ్ళ దిగులు మామూలే, రెండు వారాలు దాటితే కాదు. వెయ్యి ప్రసవాల్లో ఒకరికో ఇద్దరికో మాత్రం, తరచుగా మొదటి రెండు వారాల్లోనే, నిద్ర లేకుండా, పొంతన లేని మాటలతో, బిడ్డ మీద వింత అనుమానాలతో తీవ్రమైన జబ్బు వస్తుంది. దానికి దిష్టి తీసి కూర్చోకూడదు, అదే పూట ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. మిగతా సందేహాలకి 1-833-852-6262 అనే ప్రభుత్వ నంబరు తల్లులకోసం రాత్రీ పగలూ ఉంది. పాలిచ్చేటప్పుడు ఏ మందు వాడొచ్చో తెలిసిన డాక్టర్ కావాలంటే "పెరినేటల్" లేక "రిప్రొడక్టివ్ సైకియాట్రీ" అని వెతకండి. ఇందులో ఏబీపీఎన్ సర్టిఫికెట్ లేదు కాబట్టి ఎక్కడ శిక్షణ పొందారో అడగడమే మార్గం.

మన పిల్లలు డాక్టర్లయితే

ఫెలోషిప్‌లో జీతం రెసిడెంట్ జీతం లాగే ఉంటుంది. బయట పూర్తి జీతం వదులుకుని చేరుతున్నారంటే ఇష్టం ఉండాలి. అప్పుల భారం ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండు ఉన్నాయి. కొరత ఉన్నచోట పిల్లల సైకియాట్రీ మూడేళ్ళు చేస్తే లక్ష డాలర్ల దాకా, వ్యసనాల చికిత్సలో ఆరేళ్ళు చేస్తే రెండున్నర లక్షల దాకా అప్పు తీర్చే పథకాలు. రెండింటికీ పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ కావాలి. నిధులనిబట్టి దరఖాస్తుల సమయం మారుతుంది.

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళు వీసా లెక్క ముందే వేసుకోవాలి. జే-1 మీద శిక్షణకి ఏడేళ్ళ గరిష్ఠ పరిమితి, కాబట్టి రెసిడెన్సీ, ఫెలోషిప్ రెండూ పడతాయి. తర్వాత రెండేళ్ళు స్వదేశం వెళ్ళాలి, లేదా కాన్రాడ్ 30 కింద డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేయాలి. హెచ్-1బీ మామూలుగా ఆరేళ్ళే, నాలుగూ రెండూ ఆరు అయిపోతే చేతిలో ఏమీ మిగలదు. అలాంటివాళ్ళకి ఫాస్ట్ ట్రాక్ ఆదా చేసే ఒక్క ఏడాది చాలా విలువైనది. అక్కడ ఎండీ సైకియాట్రీ చేసినా ఇక్కడ మామూలుగా రెసిడెన్సీ మళ్ళీ చేయాల్సిందే. ఇండియాలోనే ఉండాలనుకునేవాళ్ళకి ఎండీ తర్వాత మూడేళ్ళ డీఎం కోర్సులు వచ్చాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ, ఢిల్లీ ఎయిమ్స్‌లో వ్యసనాల సైకియాట్రీ ఉన్నాయి.

"అందరూ కార్డియాలజీ అంటుంటే నీకు ఈ పిచ్చి డాక్టర్ చదువేమిటి" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు పేర్లని వెక్కిరింతకి వాడే అలవాటు మనతోపాటు విమానమెక్కి వచ్చింది. ఈ దేశంలో తెలుగు మాట్లాడే పిల్లల సైకియాట్రిస్ట్ గానీ వృద్ధుల సైకియాట్రిస్ట్ గానీ దొరికితే ఆ ఇంటికి ఎంత ఊరటో, వెతికినవాళ్ళని అడగండి. "మనవాళ్ళయితే నలుగురికీ తెలిసిపోతుంది" అని భయపడేవాళ్ళు కూడా ఉన్నారు. హిపా చట్టం తెలుగు డాక్టర్‌కి కూడా వర్తిస్తుంది, పండగ భోజనాల్లో కూడా వర్తిస్తుంది.

డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు

సైకాలజిస్ట్, థెరపిస్ట్ వేరు, వాళ్ళు చాలా రాష్ట్రాల్లో మందులు రాయరు. సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్లు రాస్తారు, చాలా క్లినిక్‌లలో మొదట కనిపించేది వాళ్ళే. డాక్టర్ పేరు తెలిశాక ఏబీపీఎన్ సైటులోనో, సర్టిఫికేషన్ మ్యాటర్స్ అనే సైటులోనో పేరు కొడితే ఏ ఏ సర్టిఫికెట్లు ఉన్నాయో ఉచితంగా చూపిస్తుంది. "బోర్డ్ ఎలిజిబుల్" అంటే శిక్షణ అయింది, పరీక్ష ఇంకా పాస్ కాలేదు అని అర్థం. ఫెలోషిప్ నుంచి అప్పుడే బయటికొచ్చిన కొత్త డాక్టర్లు అలాగే ఉంటారు, వాళ్ళ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తొందరగా దొరుకుతుంది. రాష్ట్ర మెడికల్ బోర్డు సైటులో లైసెన్సు మీద చర్యలేమైనా ఉన్నాయేమో చూడొచ్చు.

క్లినిక్‌కి ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి: మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా, ఈ వయసువాళ్ళని చూస్తారా, తెలుగు దుబాసీ ఏర్పాటు ఉందా, క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాస్తారా. ఆఖరిది మర్చిపోవద్దు. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ సమయం మనకి ఇస్తారు. వెళ్ళేటప్పుడు మందుల స్ట్రిప్పులన్నీ, పాత రక్తపరీక్షల కాగితాలు, పిల్లలైతే స్కూలు రిపోర్టులు తీసుకెళ్ళండి. మన వంశంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని మొదటి రోజే అడుగుతారు. "అబ్బే, మా ఇంటావంటా లేదు" అనేముందు మేనమామలూ పెదనాన్నల సంగతి ఇండియాకి ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.